బానెట్ కింద దీపం

ప్రత్యేక సంచికకు మన మడకశిర చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మొదట కొండమీది కోట గురించీ, పాళెగాళ్ళ గురించీ, హేమావతిలో నొళంబులు కట్టించిన గుళ్ళ గురించీ వ్రాద్దామనుకున్నాను. కానీ వాటి మీద నాకంటే తెలిసినవారు చాలామంది ఇదివరకే వ్రాశారు. నేను 1973 నుంచి 2008 వరకు గుమాస్తాగా మొదలై సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర శాసనాల్లో లేదు; స్టాకు రిజిస్టర్లలోనూ, జీపు లాగ్‌బుక్కుల్లోనూ ఉంది. అందుకని ఒక చిన్న దీపం గురించి వ్రాస్తున్నాను. చదివేవారు ఓపిక పట్టాలి.

మొన్న వేసవిలో మా తమ్ముడి కొడుకు ఒక పాత పికప్ బండి కొన్నాడు. వాడికి మల్బరీ తోట ఉంది. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేసుకుపోవడానికి బండి కావాలన్నాడు. పాతికేళ్ళు దాటిన బండి. ఇంటి ముందు నిలబెట్టి బానెట్ ఎత్తి చూపించాడు. బానెట్ లోపలివైపు, నడిమధ్య, తుప్పుపట్టిన చిన్న రేకు గూడులో ఒక గాజు బుడ్డి కనిపించింది. బానెట్ ఎత్తగానే వెలగవలసిన దీపం అది. వెలగలేదు.

"ఇది పని జేయదు పెదనాయనా. పీకేస్తా. సెల్‌ఫోన్లో లైటు ఉండాది గదా" అన్నాడు.

"పీకొద్దురా. నేను చేసిస్తా" అన్నాను.

డెబ్భై దాటిన ముసలివాడు పానా పట్టుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నేను ఎందుకు పీకొద్దన్నానో వాళ్ళకు తెలియదు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మోటారు బండికి దీపం పుట్టుకతో వచ్చింది కాదు. తొలి కార్లకు గుర్రపు బండ్లకు కట్టే నూనె దీపాలే కట్టేవారు. ఆ తరువాత కార్బైడు దీపాలు వచ్చాయి. కార్బైడు గడ్డ మీద నీటిబొట్లు పడితే ఎసిటిలీను వాయువు పుడుతుంది. అది తెల్లగా, కళ్ళు చెదిరేటట్లు మండుతుంది. ఊరేగింపుల్లో ఆ వెలుగూ ఆ వాసనా ఎరిగినవారు మనలో ఇంకా ఉంటారు. వానలో, గాలిలో బండి దిగి అగ్గిపుల్ల గీసి హెడ్‌లైటు వెలిగించుకోవడమంటే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. 1912 మోడల్ కాడిలాక్ కారులో అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్‌స్టార్టరూ, విద్యుద్దీపాలూ కలిసి వచ్చాయి. ఇంజనును తిప్పడానికి బ్యాటరీ, బ్యాటరీని నింపడానికి జనరేటరు ఎలాగూ ఉన్నాయి గనుక దీపాలు సులభమయ్యాయి. బండి ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, లోపల ఒకటి పెట్టారు. ఇంజను మీద దీపం మాత్రం చాలాకాలం ఎవరూ పెట్టలేదు. దారి చూడాల్సినవాడు యజమాని, ఇంజను చూడాల్సినవాడు డ్రైవరు. ఎవరి దీపం ముందు వస్తుందో మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కర లేదు.

తరువాత తరువాత అమెరికా కార్లలో బానెట్ కింద, డిక్కీలో దీపాలు పెట్టినప్పుడు వాటికి ఒక చిత్రమైన స్విచ్చు వాడారు. చిన్న గాజు గొట్టం, అందులో ఒక చుక్క పాదరసం, రెండు తీగల కొసలు. బానెట్ ఎత్తితే గొట్టం వాలుతుంది, పాదరసం జారి రెండు కొసలనూ కలుపుతుంది, దీపం వెలుగుతుంది. దించితే పాదరసం వెనక్కి జారుతుంది, ఆరిపోతుంది. అరిగే భాగం లేదు, తుప్పుపట్టే స్ప్రింగు లేదు. ఉపాయం గొప్పదేగానీ, పాత కార్లను కరిగించేటప్పుడు ఆ పాదరసమంతా గాలిలోనూ నీటిలోనూ కలుస్తోందని తేలింది. ఒక్కో స్విచ్చులో ఉన్నది ఒక గ్రాము లోపే. కార్లు మాత్రం కోట్లు. ఐరోపాలో 2003 జులై నుంచి కొత్త బండ్లలో పాదరసాన్ని కట్టడి చేశారు. అమెరికా కంపెనీలు కూడా ఇంచుమించు అదే కాలంలో మానుకున్నాయి. ఎవరికైనా పాత విదేశీ కారులో అలాంటి గాజు గొట్టం కనిపిస్తే పగలగొట్టవద్దనీ, పిల్లల చేతికి ఇవ్వవద్దనీ మనవి. మనవైపు బండ్లకు నేను చూసినంతవరకు నొక్కుడు స్విచ్చులే.

ఇక జీపు సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక 1940ల చివర మహీంద్రా వారు విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో జోడించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైంది, మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ వచ్చింది, 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. రోడ్డులేని ఊరికి ప్రభుత్వం మొదటిసారి నాలుగు చక్రాల మీద వెళ్ళింది ఆ జీపు మీదనే. "బ్లాకు జీపు" అని పిల్లలు దుమ్ములో దాని వెనక పరుగెత్తడం నా చిన్ననాటి జ్ఞాపకం. ఇంకో మాట. జీపు మీద అభ్యంతరం అనేది మన ఆఫీసులు కనిపెట్టింది కాదు. 1948లో లండన్‌లోని మన హైకమిషన్ సైన్యం కోసం జీపులు కొనడానికి చేసుకున్న ఒప్పందం మీద పార్లమెంటులో ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. అది 80 లక్షల రూపాయల వ్యవహారం. నేను చెప్పబోయేది ఆరు రూపాయల యాభై పైసల వ్యవహారం.

మడకశిర పరిసరాల్లో నేను పనిచేసిన ఒక ఆఫీసులో జీపు కాక ఒక పికప్ బండి కూడా ఉండేది. ఆఫీసు పేరు వ్రాయను; అందులో పనిచేసినవారూ వారి పిల్లలూ ఈ సంచిక చదువుతారు. ఆ పికప్ పని చేతిపంపుల మరమ్మతు. దానికీ ఒక కథ ఉంది. 1960ల చివర బీహారు కరువు తరువాత యూనిసెఫ్ సహాయంతో రాతినేలను తొలిచే రిగ్గులు దేశంలోకి వచ్చాయి. రాయలసీమ లాంటి గట్టిరాతి ప్రాంతాలకు అవి వరమే. బోరు పడింది గానీ పైన బిగించిన పోత ఇనుప పంపులు ఊరంతా కలిసి కొడితే నెలల్లోనే విరిగిపోయేవి. 1970లలో మహారాష్ట్రలోని షోలాపూర్ పంపును ఆధారం చేసుకుని యూనిసెఫూ, కేంద్ర ప్రభుత్వమూ, ఇంజనీర్లూ కలిసి ఇండియా మార్క్ టూ పంపును రూపొందించారు. మద్రాసులో రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీలో అది తయారయింది. 1979లో దానికి భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఆ పంపు ఆ తరువాత ఎన్నో దేశాలకు వెళ్ళింది.

గట్టి పంపే. కానీ దానికో చిక్కు ఉంది. లోపల సిలిండరులో తోలు వాషరు అరిగితే, ఆ పావలా వస్తువు మార్చడానికి నేలలోకి దిగిన ఇనుప పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. పైపు పది అడుగులు. నూరడుగుల బోరయితే పది పైపులు, పది కడ్డీలు. దానికి మూడుకాళ్ళ స్టాండు, గొలుసు, పెద్ద పానాలు, నలుగురు మనుషులు, వీటన్నిటినీ మోసే బండి కావాలి. ఊళ్ళో పంపు చెడితే ఊరు బండి కోసం ఎదురుచూడాల్సిందే. పైపులు తీయకుండానే వాషరు మార్చుకునే మార్క్ త్రీ పంపు 1980లలో వచ్చిందంటే దానికి కారణం ఈ ఎదురుచూపే.

1979లో దేశమంతటా వానలు ఎగ్గొట్టాయి. మామూలు సంవత్సరంలోనే మన జిల్లాకు పడేది 550 మిల్లీమీటర్లు. ఆ మరుసటి వేసవి ఎలా ఉండిందో మీలో చాలామందికి తెలుసు. రొళ్ళ, అగళి, గుడిబండ, అమరాపురం వైపు పల్లెల్లో బావులు ఎండి, జనమంతా ఒక్క పంపు మీద పడ్డారు. పంపు రాత్రింబవళ్ళు ఆడేది. వాషర్లు నెలకొకసారి పోయేవి. పికప్ తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి ఎప్పుడొస్తుందో తెలియదు.

దాని డ్రైవరు నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. సగం తెలుగు, సగం కన్నడం, మడకశిర మాట. చదువు నాలుగో తరగతి. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పేవాడు. ఆ బండికి ఇంజను మీద దీపం లేదు. టార్చిలైటు నోట కరుచుకుని రెండు చేతులతో పనిచేయడం ఆయనకు అలవాటు. టార్చి సెల్లులకు ఏడాదికి ఇంత అని మంజూరు ఉండేది. అది నాలుగు నెలలకు చాలేది కాదు.

1979 చివర్లో ఆయన ఒక ఏర్పాటు చేశాడు. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో వేలానికి నిలబెట్టిన పాత జీపు ఉండేది. దాని నంబరు ప్లేటు దీపాన్ని విప్పుకుని పికప్ బానెట్ లోపల బిగించాడు. హిందూపురంలో పాత సామాన్ల అంగడిలో, ఏదో కారు తలుపుకు ఉండే నొక్కుడు స్విచ్చు సొంత డబ్బుతో కొన్నాడు. బానెట్ దిగితే స్విచ్చు పుల్ల నొక్కుకుపోయి దీపం ఆరుతుంది. ఎత్తితే పుల్ల పైకి లేచి వెలుగుతుంది. తయారయిన సాయంత్రం నన్ను పిలిచి, బానెట్ మూడుసార్లు ఎత్తి దించి చూపించాడు.

"మూసినాక ఆరిందో లేదో నీకెట్ల తెలుస్తుంది అన్నా?" అని అడిగాను.

"పది నిమిషాలు మూసిపెట్టి, తీసీతీయంగానే గాజు మీద ఏలు పెట్టల్ల సార్. సల్లగా ఉంటే ఆరినట్టు. కాలితే బ్యాటరీ పాయె."

ఆ దీపం ఇంజనుకే కాదు, పంపుకు కూడా పనికొచ్చింది. బండిని పంపుకు ఎదురుగా నిలిపి బానెట్ ఎత్తితే ఆ వెలుగులో రాత్రి పైపులు దించేవారట. కూలీలు చెప్పుకోగా విన్నాను.

1980 మొదట్లో ఆడిట్ వచ్చింది. వేలానికి పెట్టిన జీపు భాగాల జాబితా ప్రకారం సరిచూస్తూ "నంబరు ప్లేటు దీపము, 1, లోపించినది" అని వ్రాశారు. విచారిస్తే దొరికింది. స్టాకు రిజిస్టరులో నమోదు లేకుండా తీయడం ఒక అభ్యంతరం, ప్రభుత్వ వాహనానికి అనుమతి లేకుండా మార్పు చేయడం రెండో అభ్యంతరం. ఆడిట్ వారిని తప్పుపట్టను. వాళ్ళ పని వాళ్ళు చేశారు. జవాబు తయారుచేయవలసిన సీటు నాది. "అవసరార్థము అమర్చబడినది, ఆమోదించవచ్చును" అని ఒక్క వాక్యం నోటు పెట్టి ఉంటే మా అధికారి సంతకం చేసేవాడేమో. పెట్టలేదు. సర్వీసులో ఆరేడేళ్ళవాణ్ణి, పదోన్నతి పరీక్షలు వ్రాస్తున్నాను, అభ్యంతరం త్వరగా తొలగిపోవడమే నాకు కావలసింది. "సదరు దీపమును తక్షణమే తొలగించి స్టోరులో జమచేయవలసినదిగాను, దాని విలువ రూ. 6.50 జీతము నుండి మినహాయించబడునని" మెమో చిత్తుప్రతి వ్రాసింది నేనే. దీపం తిరిగి ఇచ్చేశాక దాని విలువ కూడా ఎందుకు పట్టాలని ఆయన అడగలేదు. నాకు ఆ సంగతి తట్టింది. నేనూ అడగలేదు.

దీపం విప్పి కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రసీదు ఇచ్చాను.

ఆ మే నెలలో ఒక రాత్రి రొళ్ళ దాటి ఒక పల్లెకు పోతుండగా బండి ఆగిపోయింది. ఊళ్ళో ఉన్నది ఒకే పంపు, అది చెడి మూడోరోజు. పెట్రోలు ఇంజను, డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల మధ్య సందు చూడాలి. గోటి మందమంత ఉండాల్సిన సందు అది. టార్చి సెల్లులు సన్నబడి ఎర్రగా వెలుగుతున్నాయి. క్లీనరు కుర్రవాణ్ణి లోపల కూర్చోబెట్టి, ఈయన బానెట్ కింద చేయిపెట్టి తడుముతున్నాడు. "ఇప్పుడే కొట్టొద్దు" అన్నాడట. గాలికి ఆ పిల్లవాడికి "కొట్టు" అన్నంతవరకే వినిపించింది. వెలుగుంటే వాడికి బానెట్ సందులోంచి ఈయన చేయి కనిపించేది. సెల్ఫ్ కొట్టాడు. ఇంజను ఒక్క చుట్టు తిరిగింది. ఫ్యాను రెక్క ఎడమచేతి చూపుడువేలి చివర, గోరు సహా, తీసుకుపోయింది.

తువ్వాలు చుట్టుకుని, ఆయన్ను బండిలో పడుకోబెట్టి, మిగతావాళ్ళు నడిచి ఊరికి పోయారు. బిందెలతో ఆడవాళ్ళు పంపు దగ్గరే కూర్చుని ఉన్నారట. తెల్లారాక ఎద్దులబండి కట్టుకొచ్చి స్టాండూ పైపులూ మోసుకుపోయారు. అదే బండిలో తిరుగుప్రయాణంలో ఆయన్ను ఆస్పత్రికి చేర్చారు. మధ్యాహ్నానికి పంపులో నీళ్ళు వచ్చాయి. నేనక్కడ లేను. ఇదంతా మరునాడు ఆఫీసులో విన్నది.

తరువాత ఫైలు నా దగ్గరికే వచ్చింది. గాయానికి పరిహారం ఇవ్వవచ్చునా అన్నది ప్రశ్న. పైనుంచి అడిగినవాటిలో ఒకటి, ప్రమాద సమయంలో తగినంత వెలుతురు ఉండెనా అని. "రాత్రివేళ చీకటి వలన ప్రమాదము సంభవించినట్లు డ్రైవరు తెలిపినాడు" అని వ్రాశాను. అబద్ధం కాదు. ఆ బండికి దీపం ఉండేదనీ, మూడు నెలల ముందు మేమే తీయించామనీ వ్రాయలేదు. వ్రాసి ఉంటే అజాగ్రత్త ఎవరిదన్న ప్రశ్న పుట్టేది. నా చిత్తుప్రతి బయటికి వచ్చేది. "డ్రైవరు అజాగ్రత్త" అని కాగితం తిరిగివచ్చింది. సెలవు జీతం తప్ప ఏమీ రాలేదు. దీపం మెమో ఉన్న ఫైలును ఎల్.డిస్. చేసి, తొందరగా తగలబెట్టే కట్టల్లో కట్టాను. ఎల్.డిస్. అంటే ఏమిటో, ఆర్.డిస్. అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి విప్పి చెప్పనక్కరలేదు.

1985 మేలో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు పంచుకుంటూ ఆ కట్ట కోసం వెతికాను. కాలిపోయి చాలా రోజులైందన్నారు. అప్పుడు ఊరట కలిగిందో బాధ కలిగిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆయన రిటైరయ్యేటప్పుడు పెన్షను కాగితాలు నేనే నింపాను. గుర్తింపు చిహ్నాలు రెండు వ్రాయాలి గదా. మొదటిది మెడ మీద పుట్టుమచ్చ. రెండోది, "ఎడమచేతి చూపుడువేలు చివరి కణుపు లేదు." ఆ వాక్యం నా చేతివ్రాతలోనే ఉంది. ఆ రోజు చెబుదామనుకున్నాను. "అన్నా, ఆ దీపం సంగతి..." అని మొదలుపెట్టాను.

ఆయన చేయి పైకెత్తి చూసుకుని నవ్వాడు. "గుర్తు బాగానే ఉండాదిలే సార్. నా పింఛను ఇంకొకడు ఎత్తుకోని పోలేడు" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగిపోయింది. ఆయనకు తెలుసనే నా నమ్మకం. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇప్పుడు మా వాడి బండి దగ్గరికి వస్తాను. ముందుగా బ్యాటరీకి నెగటివ్ తీగ, అంటే బాడీకి కలిపే ఎర్త్ తీగ, విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. ఇది డ్రైవరన్న దగ్గర నేర్చుకున్నదే. గాజు తీసి బల్బు చూశాను. లోపలి తీగ తెగలేదు. బల్బు మంచిదే. గూడు లోపల పచ్చగా చిలుము పట్టింది. ఉప్పుకాగితం చుట్టి పెన్సిలుతో తిప్పి రుద్దాను. బ్యాటరీ తిరిగి కలిపి చూస్తే వెలగలేదు.

టెస్ట్ ల్యాంపు అంటే మరేం లేదు, బల్బుకు రెండు తీగలు. ఒక కొస ఎర్త్‌కు పెట్టి, రెండో కొసతో కరెంటు ఎందాకా వస్తోందో బ్యాటరీ దగ్గర నుంచి అంగుళం అంగుళం చూసుకుంటూ రావాలి. ఫ్యూజు దాకా వచ్చింది, స్విచ్చు దాకా వచ్చింది, స్విచ్చు దాటి కూడా వచ్చింది. బానెట్ కీలు దగ్గర ఆగిపోయింది. బానెట్ ఎత్తినప్పుడల్లా దించినప్పుడల్లా ఆ తీగ అక్కడే వంగుతుంది. పాతికేళ్ళు వంగి వంగి లోపల రాగి తెగిపోయింది. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కు చెదరలేదు. చూపుకు నిక్షేపంలా ఉంది. వేళ్ళతో నలిపితే ఒకచోట మెత్తగా తగిలింది.

ఆ ముక్క కోసి కొత్త తీగ వేశాను. కీలు దగ్గర బిగుతుగా లాగకుండా చేతిగాజంత వంపు వదిలాను. అయినా దీపం మినుకుమినుకుమంది. ఇది ఎర్త్ జబ్బు. పాత బండ్ల దీపాల్లో సగం జబ్బులు ఇవే. బల్బు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి పోవడానికి వేరే తీగ ఉండదు. బండి ఇనుమే తీగ. బానెట్ ఇనుముకూ బాడీ ఇనుముకూ మధ్య కీళ్ళే దారి. ఆ కీళ్ళకు రంగు, గ్రీజు, తుప్పు. దారి మూసుకుపోయింది. గూడు నుంచి ఇంకో తీగ లాగి, బాడీకి ఒక బోల్టు కింద రంగు గీకి తెల్లటి ఇనుము కనిపించాక బిగించాను. అప్పుడు నిలకడగా వెలిగింది.

హిందూపురం మెకానిక్ కుర్రవాడు ఫోన్లో ఎల్.ఇ.డి. వేయించమని చెప్పాడట. మా వాడు దానికే పట్టుబట్టాడు. మంచిదే, కరెంటు తక్కువ తాగుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. నేను పాతరకం 5 వాట్ల బల్బే ఉంచమన్నాను. 12 వోల్టుల మీద అది తాగేది అర యాంపియరు లోపే. 60 యాంపియర్ అవర్ల బ్యాటరీ మీద లెక్కకు ఆరు రోజులు వెలుగుతుంది. కానీ మూడు నాలుగు రోజులకే సెల్ఫ్ మూలగడం మొదలవుతుంది.

"అందుకే గదా ఎల్.ఇ.డి. ఎయ్యమనేది. మూసినాక ఆరకపోతే ఎట్ల తెలిసేది పెదనాయనా?" అన్నాడు.

ఫోనుకు వీడియో పెట్టి లోపల ఉంచి బానెట్ మూద్దామన్నాడు. పిల్లలకు ప్రతిదానికీ అదొకటి దొరికింది. వద్దన్నాను. బానెట్ దించి, అరుగు మీద కూర్చుని కాఫీ తాగాం. గడియారం చూసి పది నిమిషాలు కానిచ్చాను. మా వాడు బానెట్ ఎత్తీఎత్తగానే ఎడమచేతి చూపుడువేలు గాజు మీద పెట్టాను.

చల్లగానే ఉంది.